గృహధర్మ పట్టికలో లోబడుట: మన ప్రసంగ వేదికలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

పెండ్లి ఆరాధనలో మన కాపరులు ఎక్కువగా చదివే వాక్యభాగం ఎఫెసీ 5:22-33. చదవడం అంతా చదువుతాము. ప్రసంగం మాత్రం మొదటి మూడు వచనాల దగ్గరే ఆగిపోతుంది. పెండ్లికుమార్తెకు లోబడుటను గూర్చి ఇరవై నిమిషాలు, పెండ్లికుమారునికి ప్రేమను గూర్చి అయిదు నిమిషాలు, ఆ తరువాత ఆశీర్వాదం, భోజనాలు. మేము కూడ చాలా సంవత్సరాలు ఈ విధంగానే ప్రసంగించాము. కాబట్టి ఈ విమర్శ ముందుగా మాకే వర్తిస్తుంది.

కొలొస్సీ 3:18-4:1, ఎఫెసీ 5:21-6:9, 1 పేతురు 2:18-3:7 భాగాలను బైబిలు పండితులు "గృహధర్మ పట్టికలు" అంటారు. భార్యాభర్తలు, తలిదండ్రులు పిల్లలు, యజమానులు దాసులు ఒకరియెడల ఒకరు ఎట్లు ప్రవర్తించవలెనో ఇవి చెబుతాయి. ఇల్లు, పని అనే రెండు స్థలాలలోనే మనిషి జీవితమంతా గడుస్తుంది గనుక విశ్వాసి నడతకు ఇవి పునాది వంటి బోధలు. అయితే ఈ పట్టికలు ఎవరితో ఏమి చెబుతున్నవి, మనం వాటినుండి ఎవరికి ఏమి చెబుతున్నాము అనే రెంటి మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని కొలవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. పట్టిక పూర్వాపరాలు

ఈ భాగాలకు "గృహ పట్టిక" అనే పేరు మార్టిన్ లూథరు 1529లో ప్రచురించిన చిన్న ప్రశ్నోత్తరి ద్వారా వాడుకలోకి వచ్చింది. కాని ఇటువంటి బోధ క్రైస్తవ్యానికంటె పాతది. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన "రాజనీతి" గ్రంథం మొదటి భాగంలో ఇంటిని మూడు జతలుగా విభజించాడు: యజమానుడు దాసుడు, భర్త భార్య, తండ్రి పిల్లలు. ఈ మూడింటిలోను పాలించువాడు ఒక్కడే. ఇంటి యజమానుడే యజమానుడు, భర్త, తండ్రి. రోమా చట్టంలో తండ్రికి తన పిల్లల ప్రాణం మీద కూడ అధికారముండెను.

పౌలు పత్రికలలో ఈ మూడు జతలే కనబడతాయి. అందుచేత కొందరు, ఇది లోకనీతికి క్రీస్తు పేరు తగిలించడమే అంటారు. జాగ్రత్తగా పోల్చి చూస్తే మూడు తేడాలు తెలుస్తాయి.

మొదటిది, అరిస్టాటిల్ మాట్లాడేది యజమానునితో. భార్యను, దాసుని ఎట్లు ఏలవలెనో అతనికి నేర్పుతాడు. పత్రికలలో భార్యలు, పిల్లలు, దాసులు నేరుగా పిలువబడుతున్నారు, అదియు ముందుగా. సంఘంలో పత్రిక బిగ్గరగా చదివినప్పుడు వెనుక నిలుచున్న దాసుడు తనను పిలిచిన పిలుపు విన్నాడు. తన నడతకు తానే దేవుని ఎదుట జవాబుదారి అని మొదటిసారి అతనితో ఎవరో చెప్పారు.

రెండవది, బలవంతుని అధికారానికి హద్దు పెట్టబడింది. భార్యను లోబరచుకొమ్మని భర్తతో ఎక్కడా చెప్పలేదు. ఏలుమనే మాట లేదు, ప్రేమించుమనే మాట ఉంది. ఆ ప్రేమకు కొలత సిలువ. ఎఫెసీ పత్రికలో భార్యలకు కేటాయించినవి మూడు వచనాలు, భర్తలకు దాదాపు తొమ్మిది. మన ప్రసంగాల లెక్క దీనికి సరిగ్గా తలక్రిందులు.

మూడవది, తండ్రులకు ఇచ్చిన హెచ్చరిక. బిడ్డలకు కోపం పుట్టించవద్దని, వారి మనస్సు క్రుంగిపోతుందని కొలొస్సీ 3:21 చెబుతుంది. ప్రాణం తీసే అధికారం గల తండ్రితో బిడ్డ మనస్సును గూర్చి మాట్లాడడం ఆ కాలంలో చిన్న సంగతి కాదు.

2. ఇరువది యొకటవ వచనం ఎవరిది?

మన చేతిలోని బైబిళ్ళలో చాలావాటికి ఎఫెసీ 5:22 దగ్గర క్రొత్త శీర్షిక ఉంటుంది. గ్రీకులో ఆ విభజన అంత సులభం కాదు. సుమారు క్రీ.శ. 200 నాటి పపైరస్ 46లోను, 4వ శతాబ్దపు వాటికన్ ప్రతిలోను 22వ వచనంలో "లోబడు" అనే క్రియ అసలు లేదు. దానిని 21వ వచనంనుండి తెచ్చుకొని చదవాలి. అక్కడ ఉన్నది విశ్వాసులందరు క్రీస్తు భయంతో ఒకరికొకరు లోబడుట. ఆ మాట కూడ స్వతంత్రమైన ఆజ్ఞ కాదు. 18వ వచనంలోని ఆత్మ పూర్ణతకు అనుబంధంగా వచ్చిన అయిదు క్రియలలో చివరిది. మాటలాడుట, పాడుట, కీర్తించుట, కృతజ్ఞత చెల్లించుట, లోబడుట, ఈ అయిదును ఆత్మతో నిండినవారి లక్షణాలు.

మన సంఘాలలో ఆత్మ పూర్ణతను గూర్చిన కూడికలకు కొదువ లేదు. ఆ కూడికలలో భర్త భార్యకు లోబడుటను ఆత్మ పూర్ణతకు గురుతుగా ఎవరైన చెప్పగా మేము వినలేదు.

మరొక భాషా విషయం. ఎఫెసీ పత్రికలో భార్యలకు గ్రీకులో వాడిన క్రియ హుపోటాస్సో. పిల్లలకు, దాసులకు వాడినది హుపకూఓ, అనగా మాట విని చేయుట. మన పాత తెలుగు అనువాదం ఆ పత్రికలో ఈ తేడాను చక్కగా నిలబెట్టింది: భార్యలకు "లోబడు", పిల్లలకు, దాసులకు "విధేయులు". అనువాదకులు కాపాడిన తేడాను ప్రసంగీకులమైన మనం చెరిపివేశాము. "ఆయన చెప్పినట్టు వినమ్మా" అని పెండ్లికుమార్తెకు చెప్పినప్పుడు ఆమెను మనం మూడవ జతలోకి నెట్టుచున్నాము.

1 పేతురు 3:6లో శారా అబ్రాహాముకు విధేయురాలైనట్లు ఉన్నది కదా అని అడుగవచ్చు. నిజమే, అక్కడ హుపకూఓ క్రియయే ఉంది. అయితే ఆదికాండము 21:12లో శారా చెప్పిన మాట వినుమని దేవుడే అబ్రాహాముకు చెప్పాడు. ఒక వచనం పట్టుకొని రెండవది విడిచిపెట్టడం వ్యాఖ్యానం కాదు.

3. దాసులు, యజమానులు: మనం దాటిపోయే వచనాలు

కొలొస్సీ పట్టికలో ఉన్నవి తొమ్మిది వచనాలు. అందులో నాలుగు దాసులకే. ఆ పత్రికను తీసుకొనివెళ్ళిన తుకికుతో కూడ ఒనేసిము ఉన్నాడని 4:9 చెబుతుంది. యజమానుని ఇల్లు విడిచి వచ్చిన దాసుడు ఆ సభలో నిలుచుండగా ఈ మాటలు చదువబడినవని అనుకొంటే, ఫిలేమోను పత్రికను ప్రక్కన పెట్టి కొలొస్సీ పట్టికను చదువకూడదు. దాసునికంటె ఎక్కువైన ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మనునదే ఆ చిన్న పత్రిక సారం.

కొలొస్సీ 4:1లో యజమానులు దాసులకు ఇవ్వవలసినవి రెండు. ఒకటి న్యాయం. రెండవదానికి గ్రీకు మాట ఇసోటేస్. ఆ మాటకు మూలార్థం సమానత్వం. మన అనువాదంలో "ధర్మానుసారం" అనే అర్థం వచ్చింది; అది తప్పు కాకపోయినా మాటలోని పదును తగ్గింది. ఎఫెసీ 6:9 ఇంకొక అడుగు ముందుకు వేసి, దాసులు చేయవలసిన దానినే యజమానులు కూడ వారియెడల చేయవలెనని, బెదిరింపు మానవలెనని చెబుతుంది. ఇది 21వ వచనపు "ఒకరికొకరు" అనే మాటకు పొలంలోను పనిలోను వచ్చిన రూపం.

పట్టికను సగానికి విరిచి చదివితే ఏమౌతుందో చరిత్ర చెబుతుంది. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కొరకు ఒక బైబిలు అచ్చువేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి విడుదల పొందిన కథ లేదు, గలతీ 3:28 లేదు. ఎఫెసీ 6:5 మాత్రం ఉంది. అమెరికాలో బానిసగా పుట్టిన తన అమ్మమ్మ, 1 కొరింథీ 13 తప్ప పౌలు పత్రికలను తనకు చదివి వినిపించనియ్యలేదని హోవర్డ్ థర్మన్ 1949లో ప్రచురించిన గ్రంథంలో వ్రాశాడు. యజమానుని ప్రసంగీకుడు ఎప్పుడు వచ్చినా దాసుల విధేయతను గూర్చిన వచనమే చదివేవాడట. పౌలును ఆమెకు దూరం చేసింది పౌలు కాదు, ప్రసంగీకుడు.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరి వెట్టి చేసే మాదిగ కుటుంబాలవారు. మిషనరీ క్లౌ తన సంఘాలకు నేర్పిన నియమాలలో ఆదివారం పని చేయకుండుట ఒకటి. ఆ నియమం కారణంగా వారు ఊరి పెద్దల కోపానికి గురియైనారు. యజమానునికి నమ్మకంగా పని చేస్తూనే, నా యజమానుడు మరియొకడున్నాడు అని వారు ఏడు దినాలకు ఒకసారి చెప్పగలిగారు. కొలొస్సీ 3:24 అర్థాన్ని గ్రీకు రాకుండానే వారు గ్రహించారు. మన సంఘాలలో చాలావరకు వారి సంతతివే.

4. ఇద్దరు పండితులు

ఆధునిక కాలంలో ఈ పట్టికలపై రెండు వాదాలు బలంగా వినబడ్డాయి. మెన్నోనైట్ వేదాంతి జాన్ హోవర్డ్ యోడర్ 1972లో "యేసు రాజకీయాలు" అనే గ్రంథంలో, ఇవి లోకంనుండి అరువు తెచ్చుకొన్నవి కావనీ, స్వేచ్ఛ పొందినవారు ఇష్టపూర్వకంగా లోబడడం ఒక విప్లవమనీ వాదించాడు. 1983లో ఎలిజబెత్ షుస్లర్ ఫియొరెంజా "ఆమె జ్ఞాపకార్థం" అనే గ్రంథంలో, గలతీ 3:28లోని సమానత్వంనుండి సంఘం వెనుకకు జారిన గురుతులే ఈ పట్టికలని వ్రాసింది.

యోడర్ వ్యాఖ్యానంలో దాసుని గౌరవాన్ని గూర్చిన పరిశీలన విలువైనదే; పై భాగంలో మేము చెప్పిన మొదటి తేడాకు ఆయన వాదన సహాయపడింది. అయితే ఆయన అనేకమంది స్త్రీలయెడల లైంగికంగా దుష్ప్రవర్తించినందుకు 1992లో ఆయన సంఘమే క్రమశిక్షణ చర్య చేపట్టింది. ఆయన బోధించిన సెమినరీ 2015లో ఆ స్త్రీల యెదుట బహిరంగంగా తన తప్పు ఒప్పుకొంది. రచయిత పాపం వలన వాదన తప్పు కానవసరం లేదని కొందరంటారు. మేము అంగీకరిస్తాము. కాని లోబడుటలోని గొప్పదనాన్ని లోబడవలసిన అవసరం లేనివాడు బోధించునప్పుడు, ఆ బోధను ఎవరు పరీక్షించాలి? క్రింద ఉన్నవారే పరీక్షించాలి. ఇక్కడ ఫియొరెంజా ప్రశ్న సరియైనది.

అయినను ఆమె ముగింపుతో మేము పూర్తిగా ఏకీభవించలేము. పట్టికలు కేవలం వెనుకడుగే అయితే, యజమానునికి సమానత్వాన్ని గుర్తుచేసిన కొలొస్సీ 4:1కి, "ఒకరికొకరు" అనే ఎఫెసీ 5:21కి అక్కడ చోటుండదు. పాత ఇంటి గోడలు అట్లే నిలిచినవి, నిజమే. కాని ఆ గోడలలో తలుపు తెరువబడింది. మనం తలుపును గూర్చి ప్రసంగించక గోడలను గూర్చియే ప్రసంగించుచున్నాము.

5. మన కాపరత్వంలో

సుమారు ఇరువది సంవత్సరముల క్రితం, మేము పెండ్లి జరిపించిన ఒక సహోదరి చేతిపై దెబ్బలతో కాపరి గృహానికి వచ్చింది. మేము ప్రార్థన చేసి, ఓర్చుకొమ్మని, 1 పేతురు 3:1 చదివి ఇంటికి పంపించాము. ఆమె ఏమియు అనలేదు. వెళ్ళునప్పుడు, "అయ్యగారూ, ఆయనకు కూడ ఏదైన వచనం ఉందా?" అని మాత్రం అడిగింది. ఉంది. అదే అధ్యాయంలో ఏడవ వచనం, భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని హెచ్చరిస్తుంది. ఆ వచనం తీసుకొని మేము అతని దగ్గరకు వెళ్ళలేదు. ఆ తరువాత ఆమె సంఘానికి రాలేదు.

మనం చదవని వచనాన్ని కొన్నిసార్లు చట్టం చదివింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలినంత కారణం. భార్యకైతే వ్యభిచారంతోపాటు క్రూరత్వం వంటి మరొక నేరం కూడ సాధారణంగా రుజువు చేయవలసివచ్చేది. 2001 సవరణతో ఆ తేడా తొలగి, క్రూరత్వం దానంతట అదే కారణమైంది. 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది. నూట ముప్పై సంవత్సరాలు ఆ అసమానత మన పెండ్లిపీటల క్రింద ఉండగా, వేదికపైనుండి ఎందరు దానిని గూర్చి మాట్లాడారు? విడాకులను ప్రోత్సహించడానికి మేమిది వ్రాయడం లేదు. కొట్టబడుట లోబడుట కాదని చెప్పడానికి వ్రాస్తున్నాము.

పని విషయంలోను ఇంతే. విశ్వాసియైన కూలివానికి నమ్మకంగా పనిచేయుమని చెబుతాము. అదే వరుసలో కూర్చున్న మేస్త్రీకి, దుకాణదారునికి, ఇంట్లో పనిమనిషిని పెట్టుకొన్న ఉద్యోగికి ఎఫెసీ 6:9 చెప్పము. సంఘమే యజమానియైన చోట, మన పాఠశాలలలో ఉపాధ్యాయులకు, ప్రార్థనా మందిరపు కావలివానికి, సువార్తికునికి ఇచ్చే జీతం కొలొస్సీ 4:1 ఎదుట నిలువగలదా? ఈ ప్రశ్న వేయకుండా ఆ వచనంపై ప్రసంగించడం కష్టం. బహుశా అందుకే మనం ప్రసంగించము.

ముగింపు

గృహధర్మ పట్టికలను మన వేదికలనుండి తొలగించమని మేము చెప్పడం లేదు. పూర్తిగా చదువమని కోరుచున్నాము. పెండ్లి ప్రసంగం 22వ వచనంతో కాక 21వ వచనంతో ప్రారంభం కావాలి. పెండ్లికి ముందు జరిపే బోధలో పెండ్లికుమారునితో కాపరి ప్రత్యేకంగా కూర్చుండి 25వ వచనంనుండి బోధించాలి. దెబ్బలు తిన్న స్త్రీ వచ్చినప్పుడు మొదట ఆమె క్షేమం చూచి, చట్టం ఇచ్చే రక్షణను ఆమెకు తెలియజేసి, తరువాత కాపరి వెళ్ళవలసినది భర్త యింటికి. సంవత్సరంలో ఒక ఆదివారమైన యజమానులను గూర్చిన వచనాలు మూల వాక్యం కావాలి. ఆ ఆదివారం సంఘ కమిటీ తన జీతాల పట్టికను కూడ విప్పి చూడాలి.

బలహీనునికి చెప్పిన మాటను బలవంతుడు తన ఆయుధంగా తీసుకోకుండ చూడడం కాపరి పని. ఆ సహోదరి అడిగిన ప్రశ్నకు మేము ఆ దినం జవాబు చెప్పలేదు. ఈ పత్రిక చదివే విద్యార్థులు సంఘాలకు వెళ్ళునప్పుడు ఆ జవాబు తమతో తీసుకొని వెళ్ళవలెనని మా ప్రార్థన.