సగం గరిటె

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండే చోట కాసేపు నిలబడితే పారేసే వస్తువంటూ పెద్దగా కనబడదు. గానుగలో రసం పిండేశాక మిగిలిన చెరకు పిప్పిని ఎండబెట్టి, ఆ రసాన్ని కాచే పొయ్యిలోకే ఎగదోస్తారు. దేశంలో పేరుమోసిన బెల్లం మార్కెట్లలో ఒకటి ఈ ఊరిదే. అలాంటి ఊళ్లో కార్తీకమాసపు ఆదివారం, తోటలో సమారాధన అయ్యాక, విస్తళ్లు ఎత్తే మనిషి వెనక నాలుగడుగులు వేస్తే మనసు చివుక్కుమంటుంది. కొరకని బూరె, వేలు పెట్టని పులిహోర, పప్పులో నానిపోయిన అన్నం ముద్ద. గంట కిందట తోటంతా ఘుమఘుమలాడినవే అవన్నీ.

సమారాధనలు మానమని ఎవరూ అనకూడదు. ఉసిరిచెట్టు నీడలో వీధి వీధంతా, ఆఫీసు ఆఫీసంతా ఒక వరసలో కూర్చుని తినే సందర్భాలు ఇప్పుడు ఎన్ని మిగిలాయి? నూకాలమ్మ కొత్త అమావాస్య జాతరలోనూ, గవరపాలెం గౌరీపరమేశ్వరుల ఉత్సవంలోనూ ఊరిని కలిపేది ఆ కలివిడితనమే. అందుకే, అన్నం విలువ చెప్పాలంటే కూడా ఆ పందిరే సరైన చోటు.

బంతిలో వడ్డించడం ఒక విద్య. పచ్చడి, కూర, స్వీటు తమ చోట్లలో పడ్డాక అన్నం వస్తుంది. చెయ్యి తిరిగినవాడెవడో అక్కడ తెలిసిపోతుంది. గరిటె నిండా తీసి విస్తట్లో దింపడు. సగం గరిటె వేసి తినేవాళ్ల మొహం చూస్తాడు. పొలం నుంచి వచ్చినాయనకు ఒక లెక్క, పళ్లు ఊడిన మామ్మకు ఒక లెక్క. పసిపిల్లకు బూరె సగానికి తుంచి పెట్టి, మిగతా సగం పక్కనున్న తల్లి విస్తట్లో వేస్తాడు. కొత్తగా బకెట్ పట్టిన కుర్రాడికి పెద్దాయన చెప్పేది ఒకటే: "ఒరే, సగమే వెయ్యరా. కావాలంటే ఆళ్లే అడుగుతారు, మళ్లీ ఎల్దువు గానీ."

ఆ "మళ్లీ వెళ్లడం"లోనే ఉంది కష్టమంతా. కొసరి కొసరి వడ్డించాలంటే అదే వరసలో మూడుసార్లు తిరగాలి. తిరగడానికి బద్ధకించిన చెయ్యే ఒక్కసారిగా కుమ్మరించేస్తుంది. తినేవాళ్లకు వద్దనడానికి మొహమాటం. బఫేలోనైతే వడ్డించేవాడే లేడు. మళ్లీ లైన్లో నిలబడాలన్న బెంగతో పళ్లెం మొదటే నింపుకుంటాం. క్యాటరింగ్ వాళ్లకు ప్లేటుకింత అని లెక్క, పెళ్లివారికి ఎన్ని రకాలు పెట్టామన్నది పరువు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానంలో నేటికీ వరసల్లో కూర్చోబెట్టి వడ్డిస్తున్నారు. అంతమందికి సాధ్యమైనది మూడొందల మంది పెళ్లిలో కుదరదనడం ఒప్పుకోలేని మాట.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లల్లోనిదే. మన దేశంలో ఇళ్లలో తలకి ఏడాదికి 55 కిలోలని అంచనా. అంటే తప్పంతా విందులదే కాదు. అయితే ఇంట్లో పారబోసింది ఎవరి కంటా పడదు. బంతిలో వదిలేసింది పదిమంది ఎదురుగా ఉంటుంది. అలవాటు మార్చాలంటే అందరూ చూసే చోటే మొదలుపెట్టాలి.

ఇతర దేశాల్లో ఈ పని విందుతోనే చేశారు. 2009 డిసెంబరులో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆహార వృథాపై ఉద్యమించే ట్రిస్ట్రమ్ స్టువర్ట్ బృందం, పారేయబోయే సరుకుతో వండి ఐదు వేల మందికి ఉచితంగా భోజనం పెట్టింది. 2012లో బెర్లిన్ కుర్రాళ్లు, అమ్ముడుపోని కూరగాయలను పాటలు పెట్టుకుని తరిగి సూప్ కాచారు. డిస్కో సూప్ అన్న పేరుతో అది దేశదేశాలకూ పాకింది.

మనకు పాటను అరువు తెచ్చుకునే అవసరం లేదు. బుర్రకథలో కథకుడికి అటొకరు ఇటొకరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబితే, రెండోవారు రాజకీయం, అంటే ఊళ్లో నడుస్తున్న సంగతులు చెబుతారు. విస్తట్లో మిగిలిన అన్నం గురించి మాట్లాడటానికి ఆ రెండో వంత కన్నా తగినవారెవరు? కరువు గురించీ, రైతు కష్టం గురించీ బుర్రకథకుడు షేక్ నాజర్ చేతిలో పలికిన కళ అది. మొదటి బంతి కూర్చునే ముందు పావుగంట ఇస్తే చాలు. ఎదురుగా తినబోయే జనం, పక్కనే గాడిపొయ్యి. ఉపన్యాసం చెయ్యలేని పని వంతల గుమ్మెట దరువు చేస్తుంది.

పిల్లలకైతే బొమ్మల ఊరు ఏటికొప్పాక ఉంది. అదీ అనకాపల్లి జిల్లాలోనిదే. అంకుడు కర్రతో, లక్కతో, సహజ రంగులతో చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన చింతలపాటి వెంకటపతిరాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి లక్కపిడతలతో గుప్పెడు అటుకులు వండినట్టు నటించి, చుట్టూ ఉన్న పదిమందికీ సరిపోయేలా పంచే ఆట మన పిల్లలు ఎన్ని తరాలుగా ఆడుతున్నారు! సమారాధనలో ఒక చెట్టు కింద ఆ పిడతలు పెట్టి పిల్లలను వదిలితే, కొలిచి వడ్డించడం ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

ఇక బంతిలోకి రాకుండా గిన్నెల్లోనే మిగిలిన వంట. మిగులు ఆహారం పంచడానికి 2019లోనే భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధనలు తెచ్చింది. కోస్తా ఉక్కపోతలో అన్నం సాయంత్రానికే పాడవుతుంది కాబట్టి, చివరి బంతి లేచాక ఎవరికి ఇద్దామా అని ఆలోచిస్తే ఆలస్యమే. హాస్టల్‌కో ఆశ్రమానికో ముందురోజే కబురు పెట్టి, బండి మాట్లాడుకుని ఉంచాలి.

ఈ కార్తీకానికి సమారాధన కమిటీలు వంటవాళ్లకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే వడ్డనకు మనుషులను కూడా మాట్లాడుకోవాలి, వరసకు ఇద్దరు చొప్పున. బుర్రకథ దళానికీ అప్పుడే చెప్పెయ్యాలి, నెల దగ్గరపడితే వాళ్లూ దొరకరు.