పని సిద్ధంగా ఉందా?

తిరుమలకు శ్రీవారి సేవకు పోయి వచ్చినవాళ్లు మా కలికిరి వైపు చాలామందే కనిపిస్తారు. వాళ్లను కదిలిస్తే భక్తి మాటలకంటే ముందు పని మాటలే వస్తాయి. అన్నప్రసాదానికి కూరగాయలు తరిగామంటారు, క్యూ లైన్లలో పాలు పంచామంటారు, లడ్డూ కౌంటర్ దగ్గర నిలబడ్డామంటారు. ఏ పూట ఏ చోట ఉన్నదీ, పక్కన ఎవరున్నదీ కొన్నేళ్ల తర్వాత అడిగినా చెబుతారు.

2000లో మొదలైన ఆ సేవ ఇంతకాలం నిలవడానికి స్వామి మీద నమ్మకం ఒక్కటే కారణమనుకుంటే సగమే చూసినట్టు. పది పదిహేను మందికి ఒక బృందం, బృందానికో నాయకుడు, మెడలో కండువా, పడుకోవడానికి చోటు, వారం రోజుల గడువు. కొండెక్కిన మనిషి ‘నేనేం చేయాలి’ అని ఎవరి చుట్టూ తిరగాల్సిన అవసరం ఉండదు.

కలికిరిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పిల్లలకు సాయంత్రం చదువు చెప్పించే చిన్న సంస్థలో నేను పనిచేస్తున్నాను. చెప్పేవాళ్లంతా ఇష్టంతో వచ్చేవాళ్లే. కొందరు ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు, కొందరు రిటైరైన అయ్యవార్లు, ఇంకొందరు డిగ్రీ అయిపోయి ఇంటిపట్టున ఉన్న అమ్మాయిలు. ఈ పనిలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. జనంలో సేవాభావం తగ్గిపోయి మన కార్యక్రమాలు మూతపడటం లేదు. వచ్చిన మనిషికి పని సిద్ధంగా లేక మూతపడుతున్నాయి.

ఎక్కడైనా జరిగేదే చూడండి. ఓ కుర్రాడు ఉత్సాహంగా పేరిస్తాడు. చెప్పిన రోజు చెప్పిన వేళకు వస్తాడు. తాళం ఇంకా తీసి ఉండదు. తీశాక, ‘ఈరోజుకు ఊరికే చూడు’ అంటారు. గోడకానుకొని గంట కూర్చుని వెళ్తాడు. రెండోసారీ అంతే అయితే మూడోసారి రాడు. వాడికి ఓపిక లేదని మనం అంటాం. నిజానికి వాడు తన సాయంత్రాన్ని తెచ్చి మన చేతిలో పెట్టాడు, దాన్ని మనం వాడుకోలేదు.

అందుకని మనుషుల్ని పిలవకముందే పనిని కాగితం మీద పెట్టాలి. ‘పేద పిల్లలకు చదువు చెబుదాం రండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘మంగళ, శుక్రవారాలు, రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర, నాలుగో తరగతి పిల్లలు ఆరుగురు, భాగహారం, సంక్రాంతి సెలవుల దాకా’ అంటే అడిగినవాడికి తన వారం కళ్ల ముందు కనిపిస్తుంది. కుదరదనుకుంటే అప్పుడే కుదరదంటాడు. అదీ మేలే. కుదురుతుందన్నవాడు నిలబడతాడు.

ఈ పద్ధతి చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు కొత్తది కాదు. 1990 ప్రాంతంలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు ఊరూరా చదువుకున్న పిల్లలు లాంతర్ల కింద పెద్దలకు అక్షరాలు దిద్దించారు. ఒక్కొక్కరికి పదిమంది దాకా నేర్చుకునేవాళ్లు, మూడు వాచకాలు, సుమారు 200 గంటల చదువు. పని ఎంతో, ఎక్కడ ముగుస్తుందో పల్లెటూరి పదో తరగతి పిల్లకు కూడా తెలుసు. నెల్లూరు జిల్లాలో ఆ రాత్రి చదువుల్లో వచ్చిన సీతమ్మ కథ పాఠం దూబగుంట ఆడవాళ్లను సారా దుకాణం మీదికి నడిపించింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధమయ్యేదాకా ఆ కదలిక ఆగలేదు. అంత పని చేయించినవాళ్లలో జీతం తీసుకోనివాళ్లే ఎక్కువ. మూడు వాచకాలూ అయిపోయాక వాళ్లకు చెప్పడానికి అంత స్పష్టమైన తర్వాతి పని లేకపోవడం మాత్రం పెద్ద నష్టమని నేననుకుంటాను. అలవాటుపడిన చేతులు చాలావరకు ఖాళీగా ఇళ్లకు వెళ్లిపోయాయి.

చదువు విషయంలో పని సిద్ధంగా ఉండటమంటే ఏమిటో మదనపల్లె పక్కన ఉన్న రిషివ్యాలీ పాఠశాల చూపించింది. అక్కడ పద్మనాభరావు, రామ దంపతులు పల్లెబడుల కోసం తయారు చేసిన కార్డుల పెట్టెలో పాఠమంతా చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి ఉంటుంది. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో గోడ మీది నిచ్చెన పటం చూస్తే తెలుస్తుంది. ఈరోజు వచ్చిన మనిషి నిన్నటి మనిషి ఆపిన చోటు వెతుక్కోనక్కర్లేదు. మా దగ్గర అంత పెట్టె లేదు, ఓ నోటుపుస్తకం ఉంది. వెళ్లేముందు ప్రతివారూ రెండు వాక్యాలు రాయాలి, వచ్చినవారు అది చదివాకే మొదలుపెట్టాలి. సంస్థలో అన్నిటికంటే విలువైన వస్తువు అదేనంటాను.

చెప్పేవాళ్లు ఎక్కడివాళ్లన్నదీ చూసుకోవాలి. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ఉంది. 1999లో పుట్టిన ఆ సంస్థ సైన్సును చేత్తో చేయించి నేర్పుతుంది. వాళ్ల పనిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు. ‘ఆపరేషన్ వసంత’ పేరుతో పల్లెల్లో నడిపిన సాయంత్రం తరగతుల్లో చెప్పేది ఆ ఊరివాళ్లే. ఇక బడిపిల్లల్లోనే కొందరికి తర్ఫీదునిచ్చి తోటిపిల్లలకు ప్రయోగాలు చూపించే బాధ్యత వాళ్ల మీదే పెడతారు. ఊరి మనిషి అయితే బస్సు తప్పిందనే బాధ లేదు. పిల్ల రెండ్రోజులు రాకపోతే ఇంటికెళ్లి ‘ఏమ్మా, పాప రాలేదే?’ అని అడిగే చనువూ ఉంటుంది. బయటినుంచి వచ్చేవారు అవసరం లేదనను. ఇంజనీరింగ్ విద్యార్థి తెచ్చే కొత్తదనం వేరు. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలన్న లెక్క ఉంది కాబట్టి కాలేజీ పిల్లలకు కారణమూ ఉంటుంది. కానీ పరీక్షలొస్తే వాళ్లు ఉండరు. ఊళ్లో ఒకరిని జతగా పెట్టకుండా కాలేజీ పిల్లల్నే నమ్ముకుంటే ఏప్రిల్లో కేంద్రం మూతపడుతుంది.

మా సీమలో క్యాలెండరు గోడమీద కంటే పొలంలోనే ఎక్కువ ఉంటుంది. టమాటా కోతల కాలంలో తెల్లారకముందే తోటలో ఉండాలి, క్రేట్లు మండీకి చేరాలి. కలికిరి, మదనపల్లె మార్కెట్లలో ధర బాగుందంటే ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు. సాయంత్రం పాలకేంద్రానికి పాలు పోసిరావాలి. అందుకే మా తరగతి ఏడింటికి గానీ మొదలవదు. కోతలప్పుడు చెప్పేవాళ్లలో సగం మంది రారని ముందే రాసుకుంటాం. రానివాళ్లను ఎందుకు రాలేదని నిలదీయం. సాగు చేసుకునే మనిషి మిగుల్చుకున్న గంటన్నర అది. ఆ గంటన్నర ఎంత కష్టంగా మిగిలిందో తెలిసినవాడే వాళ్లను పిలవాలి.

డబ్బు మాట దాటవేయకూడదు. 2019 ఆగస్టులో ప్రభుత్వం 50 ఇళ్లకొక వాలంటీరును పెట్టి నెలకు 5 వేలు గౌరవ వేతనమిచ్చింది. ఆ వ్యవస్థ ఇప్పుడు లేకపోయినా, మేం పల్లెకు వెళ్తే మొదటి ప్రశ్న ‘ఎంతిస్తారన్నా?’ అనే వస్తుంది. అందులో తప్పేమీ లేదు. మేం జీతం ఇవ్వలేమని మొదటి మాటలోనే చెబుతాం. బస్సు ఛార్జీ, చాక్‌పీసులు, ఫోన్ రీఛార్జి మాత్రం అడగకముందే చేతిలో పెడతాం. ఉచితంగా పనిచేయడం ఒకటి, చేతి డబ్బు పెట్టుకుని పనిచేయడం ఇంకొకటి. రెండోది పేదింటి పిల్లలు ఎక్కువకాలం మోయలేరు. వాళ్లు తప్పుకుంటే కలిగినవాళ్లు మాత్రమే సేవ చేసే సంస్థగా మిగిలిపోతాం.

పిల్లలున్నచోట ఇంకో పట్టింపు ఉండాలి. ఎంత తెలిసినవాళ్లైనా సరే, విచారించి, గుర్తింపు కాగితం తీసుకుని, ఒకరిద్దరు పెద్దల మాట విన్నాకే తీసుకోవాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, తలుపు తెరిచి ఉండాలి. ‘మావాణ్ణే అనుమానిస్తారా సార్’ అని నొచ్చుకున్న బంధువులున్నారు. నొచ్చుకోనివ్వండి. మంచి మనసుతో వచ్చినవాడికి ఈ నియమం అడ్డం కాదు.

వెళ్లిపోయేవాళ్ల గురించీ చెప్పాలి. బాగా చెబుతున్న అమ్మాయి పెళ్లయి పుంగనూరు వెళ్తుంది. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. దీన్ని నష్టంగా లెక్కవేసే సంస్థలు వాళ్లను మొహమాటపెట్టి ఇంకో నెల లాగుతాయి. అలా లాగిన నెల ఎవరికీ సంతోషమివ్వదు. మేం గడువు ముగిసే రోజున పిల్లలందరి ముందూ వాళ్లు ఏం నేర్పారో పేరుపేరునా చెబుతాం. ‘ఈ ముగ్గురికి గడియారం చూడటం వచ్చింది, అది మీ వల్ల’ అని. ఊరికే శాలువా కప్పడం కంటే ఆ మాట వాళ్లకు ఎక్కువ నిలుస్తుందని నా అనుభవం. బెంగళూరు వెళ్లినవాళ్లలో కొందరు సంక్రాంతికొచ్చినప్పుడు అడక్కుండానే తరగతికొస్తారు.

ఇదంతా నడవాలంటే రోజూ ఒకరు కూర్చుని చూసుకోవాలి. ఎవరికి ఏ రోజో రాయాలి, ముందురోజు ఫోన్ చేయాలి, రాలేనన్నవారి బదులు ఇంకొకరిని చూడాలి, నోటుపుస్తకం చదవాలి, కొత్తవారి పక్కన మొదటి రెండు వారాలు కూర్చోవాలి. ఇది తీరిక వేళల్లో అయ్యే పని కాదు. పాతికమంది ఉచితంగా పనిచేయాలంటే ఒక్కరికైనా జీతముండాలి. దాతలు బ్యాగులిస్తారు, నోటుపుస్తకాలిస్తారు, బల్లల మీద పేర్లు రాయించుకుంటారు. ఫోన్లు చేసే మనిషి జీతానికి ఇమ్మంటే ‘అది ఖర్చు కదండీ’ అంటారు. నేను ఒప్పుకోను. ఈసారి ఎవరైనా దాత వచ్చి మీకేం కావాలని అడిగితే, ఆ ఫోన్లు చేసే మనిషికి ఏడాది జీతం అడుగుతాను.