పనల కింద మినుము

బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబమసూరి, అదే బీపీటీ 5204, గురించి చెప్పనివాళ్లు లేరు. తెనాలి, రేపల్లె మాగాణుల్లో ఎకరం రెండెకరాల కుటుంబాలు ఆ వరి కోయకముందే మరో పంట వేస్తాయి. నాకు ముచ్చట ఆ పనే.

కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే మినుములు వెదజల్లుతారు. ఎకరానికి 16 నుంచి 18 కిలోలు. దుక్కి లేదు, దమ్ము లేదు. నేర్పంతా పదును చూడటంలోనే: బురద ఎక్కువైతే గింజ కుళ్లుతుంది, నేల ఆరితే మొలవదు. కోసిన పనలు గింజల మీదే పరుస్తారు. అవి నాలుగు రోజులు ఎక్కువుంటే నీడకు మొలక పాలిపోయి సాగుతుంది. అందుకే కట్టేతకు ఇంటిల్లిపాదీ చేలో ఉండాల్సిందే. తర్వాత తడి పెట్టకపోయినా నేలలో మిగిలిన చెమ్మ, రాత్రి మంచు చాలు. వేరు బుడిపెలు నత్రజనిని పట్టి నేలకూ కొంత మిగులుస్తాయి. ఎరువుల కొట్టు ఇంత చవగ్గా ఇస్తుందా?

తుఫాను ఒక్కటే వీళ్ల లెక్కకు లొంగదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, సరిగ్గా కోతల వేళ.

ఇప్పుడు కోత యంత్రాల కింద మొలకలు నలుగుతున్నాయి, పల్లాకు తెగులు సరేసరి. చాలామంది దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. కొడవలితో కోసే చేలల్లో మాత్రం మినుము ఇంకా పడుతూనే ఉంది. ఇంటి ఇడ్లీలకూ సున్నుండలకూ సరిపడా ఉంచుకుని మిగతాది అమ్ముతారు.