కేతిగాని హాస్యము – జబర్దస్త్ ప్రహసనములు

2013లో ఈటీవీలో ఆరంభమైన జబర్దస్త్ ప్రదర్శనమును సమర్థించువారు, ముతక హాస్యము మన పల్లెలకు కొత్తకాదనియు, తోలుబొమ్మలాటలోని కేతిగాడే అందులకు సాక్షి యనియు వాదింతురు. వాదము కొంతవరకు సత్యమే. రామాయణకథ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు చొరబడి తలాతోక లేని మాటలతో తిట్టుకొనుట, కొట్టుకొనుట ప్రసిద్ధము. తర్లుపాడు వంటి ఊళ్ళలో తెల్లవార్లు బొమ్మలాట చూచిన తరమువారికి జబర్దస్త్‌లోని పొంతనలేని సంభాషణము, దెబ్బలాట పరిచితముగనే తోచవచ్చును.

కాని ఆ దెబ్బ ఎవరికి తగులుచున్నది? తెరమీద దీపపు వెలుగున చేతులూపు కేతిగాడు తోలుముక్క. వాని పొట్టను ఎంత వెక్కిరించినను నొచ్చుకొను మనిషి లేడు. జబర్దస్త్‌లో పొట్టివాడు నిజముగా పొట్టివాడే. స్కిట్టు ముగిసిన పిదప ఆ దేహము వానివెంట ఇంటికి పోవును. పైగా కేతిగాడు చెదరగొట్టుటకు ఎదుట ఒక గంభీరకథ యున్నది. ఇచ్చట అట్టిది లేదు. నవ్వవలసిన తావును న్యాయనిర్ణేతల నవ్వే చూపును. తొలినాళ్ళలో ఆ స్థానమున నాగబాబు, రోజా ఉండిరి.

దేహమును విడిచి మాటనే మెలిపెట్టిన స్కిట్లు లేకపోలేదు. ప్రకాశం జిల్లావాడైన హైపర్ ఆది మాటల వేగములో ఆ శక్తి తరచు కానవచ్చును; అంతలోనే అది ప్రక్కనున్నవాని రూపముమీదికి మరలును.