నలభై ఏళ్ల కారు, కొత్త నరాలు

పాత రిమోట్ కారును బాగుచేసినవాడి పనితనం తెలియాలంటే పైన రంగు చూసి లాభం లేదు. తిరగేసి స్క్రూలు చూడాలి. జపాన్ కార్ల స్క్రూలు పైకి మన ప్లస్ స్క్రూల్లాగే కనిపిస్తాయి. జపాన్ ప్రమాణం ప్రకారం వాటి గాడి తీరు కొంచెం వేరు. మామూలు ఫిలిప్స్ స్క్రూ డ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే అది పైకి జారి గాడి అంచులు చెక్కుకుపోతాయి. అంగడిలో మరమ్మతు చేసిన కారుకి ఈ మచ్చలు తప్పవు. నేను తిరగేసి చూసిన కారులో ఒక్క స్క్రూ తలకూ ఆ మచ్చ లేదు. దాన్ని విప్పి బిగించినాయన జపాన్ కొలతల డ్రైవర్ తెప్పించుకున్నాకే మొదటి స్క్రూ మీద చెయ్యి వేశాడు.

ఇంకో చిన్న విద్య కూడా ఉంది. ఈ స్క్రూలు నట్టులోకి వెళ్లవు. నేరుగా ప్లాస్టిక్‌ని కోసుకుంటూ తమ దారి తామే చేసుకుంటాయి. విప్పి మళ్లీ బిగించేటప్పుడు తొందరపడితే పాత మరచుట్టు పక్కన కొత్తది పడుతుంది. రెండు మూడు సార్లయ్యేసరికి రంధ్రం వదులైపోతుంది. తెలిసినవాడు స్క్రూని ముందు వెనక్కి తిప్పుతాడు. పాత చుట్టు మొదలు దగ్గర అది 'టిక్'మని కిందికి దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పితే వేళ్లతోనే సగం దాకా పోతుంది. ఎక్కడా రాయని పని, పైకి కనిపించని పని. నలభై ఏళ్ల ప్లాస్టిక్ ఇవాళ్టికీ స్క్రూని పట్టి ఉంచుతున్నదంటే దాని చలవే.

కారు పేరు గ్రాస్‌హాపర్. జపాన్‌లోని షిజువోకా నగరపు కంపెనీ తామియా 1984లో విడుదల చేసింది. ఇప్పుడిది హైదరాబాదులో లిఫ్టుల నిర్వహణ చూసే ఒక మిత్రుడి దగ్గర ఉంది, బాగుచేసిందీ ఆయనే. అప్పట్లో వాళ్ల మేనమామ సింగపూర్ నుంచి తెచ్చి ఇచ్చాడట. ఆ రోజుల్లో సింగపూర్ నుంచో గల్ఫ్ నుంచో టేప్ రికార్డరుతో పాటు ఇలాంటి డబ్బా ఒకటి దిగిన ఇళ్లు మనవైపు చాలానే ఉన్నాయి. సెల్లులు అయిపోయాక అవి షోకేసుల్లోకి, అక్కడి నుంచి అటకల మీదికి చేరాయి.

తామియా కథ కలపతో మొదలైంది. 1946లో కలప వ్యాపారంగా పుట్టి, 1951లో మిల్లు కాలిపోయాక చెక్క నమూనాల మీద నిలబడి, తర్వాత ప్లాస్టిక్‌కి మళ్లింది. 1970ల్లో పోర్షే 934 నమూనా తయారు చెయ్యాల్సి వచ్చినప్పుడు కంపెనీ కుటుంబానికి చెందిన షున్సాకు తామియా నిజం పోర్షే 911 ఒకటి కొని, విప్పి, ముక్క ముక్కా చూశాడు. ఆ పోర్షే 934 అచ్చుల్లోంచే 1976లో కంపెనీ తొలి రేడియో కారు వచ్చింది. గ్రాస్‌హాపర్ నాటికి వాళ్ల ధ్యాస ఖరీదు తగ్గించడం మీదికి మళ్లింది. దీన్ని పెట్టెలో భాగాలుగా అమ్మేవారు, కొన్న పిల్లవాడే బిగించుకోవాలి. అంచేత ప్రతి భాగమూ విప్పడానికి వీలుగానే పుట్టింది. బాగుచేసేవాడికి ఇంతకంటే పెద్ద వరం లేదు. వెనక వైపు గేర్లు, ఇరుసు, మోటారు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. స్ప్రింగుల మీద ఆ పెట్టె మొత్తంగా పైకీ కిందికీ ఊగుతుంది. ఇది మంచి సస్పెన్షనా అంటే కాదు. గతుకు తగిలితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. కాని భాగాలు తక్కువ, విరిగేవి ఇంకా తక్కువ.

మిత్రుడు మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాడు. కారుకి కొత్త రంధ్రం ఒక్కటి కూడా పడకూడదు, పాత అంచు ఎక్కడా కొయ్యకూడదు. పెట్టే ప్రతి కొత్త వస్తువూ రేపు తీసేస్తే 1984 నాటి కారు 1984 నాటి కారులాగే మిగలాలి. వినడానికి సులువే. లోపలికి దిగాకే ఆ మాట విలువ తెలుస్తుంది.

ముందు వేగం సంగతి చూద్దాం, ఎందుకంటే పాత కార్లలో అసలు గోల అక్కడే. అప్పటి పద్ధతిలో ఒక సర్వో మోటారు చిన్న చేతిని కదిలించేది. ఆ చెయ్యి రాగి పలకల మీద జరుగుతూ ఒక మెట్టు, ఇంకో మెట్టు, పూర్తి వేగం అని కరెంటుని మార్చేది. నెమ్మదిగా పోవాలంటే కరెంటు సిరామిక్ రెసిస్టర్ గుండా పోవాలి. అంటే మిగులు శక్తిని వేడిగా తగలబెట్టడమే. నాలుగు ఆంపియర్లు పోతూ దాని మీద మూడు వోల్టులు పడితే 12 వాట్ల వేడి. అరచేతిలో ఇమిడే రెసిస్టర్‌కి అది చురుక్కుమనిపించే లెక్క. బ్యాటరీ నెమ్మదిగా నడిపినా త్వరగా అయిపోయేది. పలకల మీద నిప్పురవ్వలు లేచి నల్లటి మసి పట్టేది, కారు కుదుపులతో నడిచేది.

ఇప్పటి ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్‌లో కదిలే భాగమే లేదు. ట్రాన్సిస్టర్లు మోటారుకి కరెంటుని సెకనుకి వెయ్యిసార్లకు పైగా ఇచ్చి ఆపుతుంటాయి. ఎంతసేపు ఇస్తున్నాయి, ఎంతసేపు ఆపుతున్నాయి అన్నదాన్ని బట్టి వేగం. కారు కదలబోయే ముందు మోటారు లోంచి సన్నగా ఒక కూత వినిపిస్తుంది. పాత 'టక్ టక్'కి బదులుగా ఈ కూత వచ్చింది. నాకు పాత చప్పుడే ఇష్టం, అది వేరే మాట.

కంట్రోలర్‌ని ఆయన ఎక్కడ పెట్టాడో చూడండి. పాత పలకల బోర్డు తీసేసిన చోటే, దాని అడుగున ఉన్న చదునులోనే రెండువైపులా అంటుకునే టేపు మీద కూర్చోబెట్టాడు. పాత బోర్డు, రెసిస్టర్, వాటి స్క్రూలు ఒక సంచిలో చీటీ రాసి భద్రంగా ఉన్నాయి. మోటారుకి పోయే తీగలు బిగుతుగా లాగలేదు, చిన్న వంపు వదిలాడు. గేర్ల పెట్టె ఊగుతుంది కాబట్టి మోటారూ దానితో ఊగుతుంది. తీగ బిగుసుకుంటే సోల్డరింగ్ అతుకు నాలుగు గతుకుల్లో ఊడిపోతుంది. మరీ వదులైతే చక్రానికి చుట్టుకుంటుంది. ఈ వంపు సరిగ్గా ఎంత ఉండాలో ఏ పుస్తకమూ చెప్పదు. పెట్టెని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూసి కొయ్యాలి.

మోటారు మీద మూడు చిన్న కెపాసిటర్లున్నాయి. రెండు కొనలకీ మధ్య ఒకటి, ఒక్కో కొన నుంచి మోటారు డొక్కుకి ఒక్కోటి. బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వల రొద రిసీవర్‌ని చెదరగొట్టకుండా అవి మింగేస్తాయి. ఆ కాలపు కార్లలో కొన్నిటికి మోటారుపై షాట్‌కీ డయోడ్ పెట్టే అలవాటు కూడా ఉండేది. ముందుకు మాత్రమే పోయే కంట్రోలర్‌కి అది మేలు. రివర్సు ఉన్నదానికి పెడితే వెనక్కి నొక్కిన క్షణమే షార్ట్ అయి కాలిపోతుంది. ఇక్కడ డయోడ్ లేదు. లేకపోవడం కూడా తెలిసి చేసిన పనే.

మోటారు పాతదే, 380 సైజుది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇదే గేర్ల పెట్టెని తామియా అదే ఏడాది హార్నెట్ కారులో 540 మోటారుతో వాడింది కాబట్టి పెద్దది పడుతుంది, కారు దూసుకుపోతుంది. ఇంకొందరు బ్రష్‌లెస్ మోటారు దాకా వెళతారు. ఆ బలానికి నలభై ఏళ్ల ప్లాస్టిక్ గేర్ల పళ్లు ఎన్నాళ్లుంటాయి? మిత్రుడు అటు పోలేదు. పెట్టె విప్పి, బెల్లం పాకంలా గడ్డకట్టిన పాత గ్రీజుని గోకి తీసి, గేర్లను సబ్బునీళ్లతో కడిగి, పలచగా కొత్త గ్రీజు రాశాడు. మోటారు బుష్‌లకి ఒక్కో చుక్క నూనె వేశాడు. ముందు చక్రాల్లో మాత్రం ప్లాస్టిక్ బుష్‌లు తీసి బాల్ బేరింగులు వేశాడు. 11 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉండే ఈ సైజుని తామియా కార్లు నడిపేవాళ్లు 1150 అంటారు.

బ్యాటరీ దగ్గర నియమానికి అసలు పరీక్ష ఎదురైంది. పాతది 7.2 వోల్టుల నికెల్ కాడ్మియం, ఆరు గుండ్రటి సెల్లుల కట్ట. అందుకే కారు అడుగున దాని గూడు మూలలు గుండ్రంగా ఉంటాయి. ఇప్పటి లిథియం పాలిమర్ బ్యాటరీ చాలావరకు పలక, మూలలు వాడిగా ఉంటాయి, గూట్లోకి దిగదు. ఆకురాయితో గూడు మూలలు అరగదీసుకునేవాళ్లున్నారు. అరగంట పని, కానీ మళ్లీ పూడ్చలేని పని. ఈయన గుండ్రటి అంచుల పెట్టెలో వచ్చే రెండు సెల్లుల లిథియం బ్యాటరీ వెతికి తెచ్చుకున్నాడు. నిండా ఛార్జయినప్పుడు దాని వోల్టేజి 8.4. లిథియం సెల్లుకి ఇంకో చిక్కుంది. మూడు వోల్టుల కిందికి పోనిస్తే చెడిపోతుంది, ఆపైన ఛార్జింగులో ప్రమాదం. అందుకని కంట్రోలర్‌లో తక్కువ వోల్టేజి దగ్గర మోటారుని తగ్గించే ఏర్పాటు ఆన్ చేశాడు. పాత బ్యాటరీకి ఆ అవసరమే ఉండేది కాదు. బలం తగ్గగానే కారే నీరసించి చెప్పేది.

ఇక రేడియో. పాతది 27 మెగాహెర్ట్జ్ బ్యాండులోది. ట్రాన్స్‌మిటర్‌లో ఒక క్రిస్టల్, కారులో ఒక క్రిస్టల్, రెంటికీ ఒకే రంగు గుర్తు ఉండేది. గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఇద్దరు పిల్లల దగ్గర ఒకే రంగుంటే ఒకడు ఆడుతుంటే రెండోవాడు కూర్చోవాల్సిందే. గుర్తు ఒకటే అయినా ఆ రెండు క్రిస్టళ్లూ ఒకటి కావు, మధ్య 455 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. రిసీవర్ ఆ తేడాను ఆధారం చేసుకునే తన సంకేతాన్ని గాలిలోంచి ఏరుకుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు ఈ పేచీ లేకుండా చేశాయి. ఒకసారి జత కలిపితే అవి సందు చూసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతూ మాట్లాడుకుంటాయి. సంకేతం తెగితే మోటారు ఆగేలా రిసీవర్‌కి ముందే చెప్పి ఉంచవచ్చు. పాతదాంట్లో తెగితే కారు ఎవరి కాళ్ల కిందికి పోతుందో తెలిసేది కాదు.

ఏరియల్ లెక్క చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడుగు పదకొండు మీటర్లు, నాలుగో వంతు తీసుకున్నా రెండున్నర మీటర్లు దాటుతుంది. అందుకే ఆ పొడవైన తీగ వెనక ఊగుతూ కనిపించేది. 2.4 గిగాహెర్ట్జ్‌కి తరంగం పన్నెండున్నర సెంటీమీటర్లు, నాలుగో వంతు 31 మిల్లీమీటర్లు. ఏరియల్ కొసన కవచం వలిచిన ఆ మూడు సెంటీమీటర్లే పని చేస్తాయి, వాటిని కత్తిరిస్తే రేడియో గుడ్డిదే. మిత్రుడు పాత గొట్టాన్ని తియ్యలేదు. దాని లోపలికి కొత్త తీగని పంపి, కొస బ్యాటరీకి, మోటారుకి దూరంగా, నిటారుగా నిలిచేలా చేశాడు. చూసేవాళ్లకి పాత ఏరియల్ పాతగానే కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది స్టీరింగు సర్వో. పాతదే ఉంచేశాడు. 1984 సర్వో ఇవాళ్టి రిసీవర్ మాట వినడం వింతగా అనిపించవచ్చు. కారణం సులువు. సర్వోకి వచ్చే విద్యుత్ స్పందన ఒకటిన్నర మిల్లీసెకన్లుంటే చక్రాలు తిన్నగా ఉంటాయి, ఒకటికి తగ్గితే ఒక పక్కకి, రెండుకి పెరిగితే ఇంకో పక్కకి తిరుగుతాయి. సెకనుకి యాభైసార్లు ఈ కబురు అందుతుంది. ఆ పద్ధతి ఇన్నేళ్లలో మారలేదు. ఆఖరికి 40 మిల్లీమీటర్ల పొడుగు, 20 వెడల్పు అనే సైజు కూడా చాలావరకు అలాగే ఉంది. మారినవి ప్లగ్గులు మాత్రమే. ఒక్కో కంపెనీ తీగల వరస ఒక్కోలా ఉండేది, తప్పు వరసలో గుచ్చితే సర్వో కాలిపోతుంది. ఆయన మీటరుతో ఏ తీగ ఏదో తేల్చుకుని పిన్నుల్ని మాత్రం మార్చాడు, తీగ కొయ్యలేదు. సర్వో లోపలి పొటెన్షియోమీటర్ని శుభ్రం చేశాక వణుకు కూడా పోయింది.

ట్రాన్స్‌మిటర్ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మార్కెట్లో కొత్త పిస్తోలు రకం ట్రాన్స్‌మిటర్ కొంటే ఒక్క సాయంత్రంలో పని అయిపోయేది. ఆయన పాత రెండు పుల్లల డబ్బానే వాడాలనుకున్నాడు. కోఠీ గుజరాతీ గల్లీలో చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు కొన్నాడు. పుల్లల కింద ఉన్న పాత పొటెన్షియోమీటర్ల నుంచి అది కొలత చదువుతుంది, చదివినదాన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూల్‌కి అందిస్తుంది. పాత సర్క్యూట్ బోర్డు, రంగు గుర్తుతో సహా క్రిస్టల్, స్విచ్ ఉన్నచోటే ఉన్నాయి. మడతల ఏరియల్‌కి ఇప్పుడు పనేమీ లేదు, అయినా పూర్తిగా లాగితే కారు ఇంకా బాగా నడుస్తుందని చూసే పిల్లలు నమ్ముతారు. మిత్రుడు కాదనడు.

ఒక్క చోట మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. తెల్లటి గట్టి ప్లాస్టిక్ బాడీ మీద స్టిక్కర్లు సగం ఊడి, సగం పెచ్చులు లేచి ఉండేవి. వాటిని తీసేసి కొత్తవి అంటించాడు. తామియా 2005లో ఈ కారుని మళ్లీ విడుదల చేసింది కాబట్టి అవే స్టిక్కర్లు, అవే టైర్లు దొరుకుతున్నాయి. టైర్లు మార్చడం సరే, పగిలిన రబ్బరుతో నడపలేం. స్టిక్కర్లు మాత్రం అలాగే ఉండాల్సింది. ఒకసారి తీసినవి మళ్లీ అతకవు కదా, మరి నియమం ఏమైందని అడిగాను. ఆయన పాత స్టిక్కర్ల ముక్కల్ని కూడా ప్లాస్టిక్ కాగితంలో పెట్టి అదే సంచిలో దాచాడట. అడిగితే తెచ్చి చూపించాడు. ఆ సమాధానం నాకు చాలలేదు. వాదన ఇంకా నడుస్తోంది.