దుకాణపు గడప లోపలా బయటా: వెల్స్, ట్రెసెల్ నవలల్లో సముద్రతీర పట్టణపు చిరువ్యాపారులు

ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల ఇంగ్లండు సముద్రతీర పట్టణం మూడు ప్రసిద్ధ నవలలకు రంగస్థలమైంది. హెచ్.జి. వెల్స్ రచించిన 'కిప్స్' 1905లోనూ, 'ది హిస్టరీ ఆఫ్ మిస్టర్ పాలీ' 1910లోనూ అచ్చయ్యాయి. రాబర్ట్ ట్రెసెల్ అనే కలంపేరుతో రాబర్ట్ నూనన్ రచించిన 'ది ర్యాగెడ్ ట్రౌజర్డ్ ఫిలాంత్రపిస్ట్స్' 1914లో, రచయిత మరణించిన మూడేళ్లకు వెలుగు చూసింది. బట్టలకొట్టు గుమాస్తాలు, పచారీ వర్తకులు, ఇళ్లకు రంగులు వేసే పనివాళ్లు, చిన్న కాంట్రాక్టర్లు ఈ నవలల్లోని ప్రధాన జనం. వెల్స్ నవలలను హాస్యరచనలుగానూ, ట్రెసెల్ నవలను సామ్యవాద ప్రచార రచనగానూ విడివిడిగా చదవడం విమర్శలో స్థిరపడిన అలవాటు. మూడింటినీ ఒకచోట పెట్టి చదివినప్పుడు ఒక ఉమ్మడి ప్రశ్న బయటపడుతుంది: చిరువ్యాపారి పతనానికి బాధ్యత అతని అసమర్థతదా, అతణ్ని పెంచి పోషించిన వ్యవస్థదా? ఈ ప్రశ్నకు ఇద్దరు రచయితలిచ్చిన సమాధానాలను, ఆ సమాధానాల పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అనుభవం నుండి వస్తువు

ఇద్దరు రచయితలూ ఈ ప్రపంచాన్ని బయటి నుండి చూసినవారు కారు. 1866లో బ్రామ్లీలో పుట్టిన వెల్స్ తండ్రి పింగాణీ సామాను, క్రికెట్ సరంజామా అమ్మే చిన్న కొట్టు నడిపి నష్టపోయినవాడు. వెల్స్ స్వయంగా 1881 నుండి 1883 వరకు సౌత్‌సీలోని ఒక బట్టల దుకాణంలో శిక్షణార్థిగా పనిచేశాడు. రచయితగా పేరు వచ్చాక ఫోక్‌స్టన్ పక్కనున్న సాండ్‌గేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. 'కిప్స్' నవలలోని దుకాణం ఆ ఫోక్‌స్టన్‌లోనే ఉంటుంది.

నూనన్ 1870లో డబ్లిన్‌లో జన్మించి, దక్షిణాఫ్రికాలో కొంతకాలం గడిపి, కొత్త శతాబ్దపు మొదటి ఏళ్లలో ఇంగ్లండులోని హేస్టింగ్స్ చేరాడు. అక్కడ ఇళ్లకు రంగులు వేస్తూ, దుకాణాల బోర్డులు రాస్తూ జీవించాడు. రంగుల పనివాళ్లు వాడే 'ట్రెసిల్' బల్లనుండే తన కలంపేరు తీసుకున్నాడు. 1911లో లివర్‌పూల్‌లో క్షయవ్యాధితో మరణించి దిక్కులేనివాళ్ల సమాధిలో చేరాడు. నవలలోని మగ్స్‌బరో పట్టణానికి మూలం హేస్టింగ్స్.

ఈ జీవిత వివరాలకు విమర్శలో ప్రయోజనముంది. వెల్స్ దుకాణపు బల్లకు లోపలివైపు నిలబడ్డవాడు. ట్రెసెల్ అదే దుకాణపు ముఖభాగానికి బయట నిచ్చెన మీద నిలబడి రంగు వేసినవాడు. వారి దృక్కోణాల భేదానికి మూలం ఈ స్థానభేదమే.

ఋతువు మీద బతికే ఊరు

సముద్రతీర విహారపట్టణం సరుకును తయారుచేసి బయటికి పంపదు. తననే సరుకుగా ముస్తాబు చేసి బయటివారిని పిలుస్తుంది. వేసవిలో అతిథులు రావాలి, రాకముందే బస ఇళ్లకు, హోటళ్లకు రంగులు పడాలి. అందుచేత పనివాడికి కొన్ని నెలలు ఊపిరాడని పని, తక్కిన నెలలు పస్తు. ట్రెసెల్ నవల సుమారు ఒక సంవత్సరకాలంలో నడవడం ఈ కారణంగా సార్థకమైన నిర్మాణం. ఋతుచక్రమే కథాచక్రం. శీతకాలంలో ఎవరిని తీసేస్తారో అన్న భయం పాత్రల మాటలను, మౌనాలను కూడా శాసిస్తుంది.

మగ్స్‌బరోలో రష్టన్ కంపెనీ గోడలను శుభ్రం చేయకుండానే కాగితం అంటిస్తుంది. మూడు పూతలకు ఒప్పుకున్నచోట తక్కువ పూతలతో సరిపెడుతుంది. న్యూమన్ అనే పనివాడు పనిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టినందుకే ఉద్యోగం కోల్పోతాడు. పైమెరుగును అమ్ముకునే పట్టణంలో పైపూత మోసం ఒక కంపెనీ దుర్గుణంగా మిగలదు, ఊరి స్వభావంగా కనిపిస్తుంది.

వెల్స్: గొట్టంలో జీవితం

'కిప్స్' నవలలో ఆర్థర్ కిప్స్‌ను పెంచిన పెదనాన్న, పెద్దమ్మ న్యూ రోమ్నీలో బొమ్మల కొట్టు నడుపుతారు. వారు అతణ్ని షాల్ఫర్డ్ బట్టల దుకాణంలో ఏడేళ్ల ఒప్పందం మీద చేరుస్తారు. గుమాస్తాలు యజమాని ఇచ్చిన వసతిలోనే తిని, అక్కడే పడుకోవాలి. రాత్రి తలుపు మూసే వేళ కూడా యజమానిదే. దుకాణ ఉద్యోగులకు వారానికి ఒక పూట సెలవు చట్టబద్ధంగా దక్కడానికి 1911 నాటి దుకాణాల చట్టం వరకు ఆగవలసి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుంటే, కిప్స్ యౌవనం ఎక్కడ ఖర్చయిందో తెలుస్తుంది. తాము ఒక మురుగు గొట్టంలో పడ్డామనీ, చచ్చేదాకా అందులో పాకవలసిందేననీ తోటి గుమాస్తా మింటన్ భావిస్తాడు. ఆ పోలిక నవల మొత్తానికీ కేంద్ర ప్రతీక.

పాలీ కథ గుమాస్తాగిరి తరువాతి మెట్టు. తండ్రి మరణానంతరం వచ్చిన డబ్బుతో అతడు ఫిష్‌బోర్న్‌లో పురుషుల దుస్తుల దుకాణం తెరుస్తాడు. స్వతంత్రుడయ్యాననుకున్నవాడు పదిహేనేళ్లలో దివాలా అంచుకు చేరతాడు. అతని అజీర్తి, భార్యతో తగవులు, ఇరుగుపొరుగు దుకాణదారులతో మాటలు లేని వైరాలు వెల్స్ చేతిలో నవ్వు పుట్టిస్తాయి. కానీ ఆ నవ్వు వెనుక కచ్చితమైన పరిశీలన ఉంది. ఒకే వీధిలో, చాలని బేరం కోసం ఎదురుచూసే మనుషులు ఒకరినొకరు భరించలేకపోవడం వ్యక్తిగత దోషం కాదు. నవల మధ్యలో ఒక మేధావి ఈ వర్గం గురించి సామాజిక వ్యాఖ్యానం రాస్తున్నట్లు చూపించి, వెల్స్ తన విశ్లేషణను సూటిగానే ప్రవేశపెడతాడు. తగిన చదువు, శిక్షణ లేని మనుషులను సమాజం దుకాణాల్లోకి తోసి మరచిపోయిందన్నది దాని సారాంశం.

ట్రెసెల్: పోటీ అనే యజమాని

ట్రెసెల్ వ్యాపారులకు పెట్టిన పేర్లే వారి వృత్తిధర్మాలు. స్వెటర్ అంటే ఇతరుల చెమట పిండేవాడు; గ్రైండర్ నూరేవాడు; డిడ్లమ్ మోసగాడు. వీరే పురపాలక సభ్యులు కూడా. పట్టణాన్ని సొంత దుకాణంలాగే నడుపుతారు. నష్టాల్లో ఉన్న తమ విద్యుత్ కంపెనీని ఊరి చేత కొనిపించే ఘట్టం ఈ వ్యంగ్యానికి పరాకాష్ఠ. కూరగాయల వ్యాపారంలో గ్రైండర్ ఎదిగిన పద్ధతి మరింత ముఖ్యమైనది. చిన్న వ్యాపారి పక్కన కొట్టు తెరిచి, అతడు మూతపడేవరకు ధరలు తగ్గించి అమ్మడం అతని విద్య. చిరువ్యాపారి శత్రువు మరొక చిరువ్యాపారే అన్న వెల్స్ పరిశీలన ఇక్కడ ఒక ఆర్థిక సూత్రంగా మారుతుంది.

ఆ పోటీకి మరణం కూడా మినహాయింపు కాదు. రష్టన్ కంపెనీ ఇళ్ల పనితోపాటు అంత్యక్రియల ఏర్పాట్లూ చేస్తుంది. అరిగిపోయిన తాడు తెగి, నిచ్చెన మీదపడి ఫిల్‌పాట్ చనిపోయినప్పుడు, అతని శవపేటిక బేరం కోసం అతణ్ని పనిలో పెట్టుకున్న కంపెనీయే మరొకరితో పోటీపడుతుంది. పనివాడి బతుకు నుండే కాక చావు నుండి కూడా లాభం రావాలి.

అయితే ఈ పద్ధతికి ఒక వెల ఉంది. పేరుతోనే తీర్పు పొందిన పాత్రకు అంతరంగం మిగలదు. తెల్లవారుజామున తన దుకాణపు చిట్టా చూసుకొని పాలీ పడే భయం లాంటిది గ్రైండర్‌కు ఉండదు. పోటీ అందరినీ నలిపే యంత్రమని ఓవెన్ బోధిస్తాడు, కానీ ఆ యంత్రంలో వ్యాపారి కూడా నలుగుతున్న దృశ్యాన్ని నవల అరుదుగానే చూపిస్తుంది. దీనికి ముఖ్యమైన మినహాయింపు రష్టన్ మేనేజరు హంటర్. పనివాళ్లను పీడించే ఈ మనిషి చివరకు ఆత్మహత్య చేసుకుంటాడు. అక్కడ మాత్రం ట్రెసెల్ సిద్ధాంతమూ కథనమూ ఒక్కటవుతాయి.

అప్పుల చిట్టా

ట్రెసెల్ శక్తి పురపాలక వ్యంగ్యంలో కంటే ఈస్టన్ దంపతుల లెక్కల అధ్యాయంలో ఎక్కువగా కనిపిస్తుంది. భర్త, భార్య రూత్ బల్ల దగ్గర కూర్చొని ఎవరికి ఎంత బాకీ ఉన్నామో రాసుకుంటారు. ఇంటి అద్దె, సామాను వాయిదా, పచారీకొట్టు, పాలు, మాంసం అన్నీ ఆ కాగితం మీదికి వస్తాయి. పట్టణపు చిల్లర వర్తకమంతా ఒక పేద ఇంటి అప్పుల జాబితాగా పాఠకుడికి కనబడుతుంది. ఇంతకంటే పొదుపైన ఆర్థిక చిత్రణ ఈ నవలలో మరొకటి లేదు.

లెక్క తేలక వారు ఇంట్లో ఒక అద్దెదారును పెట్టుకుంటారు. బస ఇళ్ల మీద బతికే ఊరిలో పనివాడి ఇల్లే ఒక చిన్న బస ఇల్లయింది. అలా వచ్చిన స్లైమ్ వల్ల ఆ కాపురం చెడిపోతుంది. ఇక్కడ ఉపన్యాసం లేదు. బేరం గడప దాటి లోపలికి వస్తే ఏమవుతుందో కథే చెబుతుంది. ఓవెన్ రొట్టెముక్కలతో, నాణేలతో తోటివారికి లాభం గుట్టు వివరించే ప్రసిద్ధ ఘట్టానికి ఈ అధ్యాయం మౌనమైన ప్రమాణం.

పనిలోని ఆనందం

స్వెటర్ ఇంట్లో మూరిష్ శైలిలో గదిని అలంకరించే పని దొరికినప్పుడు ఓవెన్ ఇంటి దగ్గర కూర్చొని నమూనాలు గీస్తాడు. తన సిద్ధాంతం ప్రకారం అది దోపిడికి లొంగిపోవడమే. అయినా చేయి ఆగదు. పని మీది ప్రేమను యజమాని ఉచితంగా తీసుకుంటాడు. శీర్షికలోని 'దాతలు' అన్న ఎత్తిపొడుపు తోటి పనివాళ్లతోపాటు ఓవెన్‌కూ వర్తిస్తుందని నవల అంగీకరించిన చోటు ఇదే. వెల్స్ పాత్రలకు ఈ ఆనందం లేదు. కిప్స్ గానీ పాలీ గానీ బట్టను ప్రేమించరు. అందువల్ల వారికి వృత్తి నుండి పారిపోవడమే విముక్తి. ఓవెన్‌కు వృత్తి విడుదల కావడమే విముక్తి.

ముగింపుల సమస్య

మూడు నవలల ముగింపులను పక్కపక్కన పెడితే ఒక విశేషం గోచరిస్తుంది. కిప్స్‌ను దుకాణం నుండి తప్పించినది అనుకోని వారసత్వం. అది చాలావరకు పోయాక అతడు హైత్‌లో పుస్తకాల దుకాణం పెడతాడు. మళ్లీ సంపన్నుణ్ని చేసినది మిత్రుడు చిటర్లో రాసిన నాటకంలోని వాటా. పాలీని తప్పించినది అగ్నిప్రమాదం. ఆత్మహత్యకు సిద్ధపడి తన కొట్టుకు తానే నిప్పు పెట్టుకున్నవాడు పొరుగింటి వృద్ధురాలిని కాపాడి వీరుడవుతాడు. ఇల్లు కాలిన వీధివాళ్లు బీమా సొమ్ము తలచుకొని ఊరట చెందే దృశ్యం నవల మొత్తంలో అతి చేదైన హాస్యం: వారి దుకాణాలకు కాలిపోయాకే విలువ వచ్చింది. ట్రెసెల్ నవలలో ఓవెన్ కుటుంబాన్ని నిరాశ నుండి లేవనెత్తినది పనివాడి వేషంలో ఉన్న ధనికుడు బారింగ్టన్ ఇచ్చిన సొమ్ము.

వారసత్వం, బీమా, దానం. మూడూ వృత్తికి బయటినుండి వచ్చిన డబ్బే. చేసిన పని వల్ల ఎవరూ బయటపడరు. ఇది కథాశిల్పంలోని లోపమని కొట్టివేయడం సులభం. మరోవైపు, రెండు భిన్న దృక్పథాల రచయితలు ఒకేచోట ఆగిపోవడం ఆ ఆర్థిక ప్రపంచం గురించిన సాక్ష్యం కూడా. వ్యవస్థను మార్చాలన్న ట్రెసెల్‌కు ఈ ముగింపు మరింత ఇబ్బందికరం. దానాన్ని ఎగతాళి చేసిన నవల చివరకు ఒక దాతను ఆశ్రయించింది.

ప్రచురణ చరిత్ర ఈ సమస్యను మరింత జటిలం చేసింది. నూనన్ కుమార్తె కాథ్లీన్ రాతప్రతిని 25 పౌన్లకు అమ్మింది. గ్రాంట్ రిచర్డ్స్ ప్రచురించిన 1914 ప్రతిని జెస్సీ పోప్ బాగా కుదించింది. ఓవెన్ నిరాశను చివర నిలిపిన ఆ ప్రతిలో కథ చీకటిలో ముగిసింది. 1918లో ఇంకా చిన్న ప్రతి వచ్చింది. ఫ్రెడ్ బాల్ కృషితో 1955లో పూర్తి పాఠం వెలువడేవరకు పాఠకులు చదివినది మరొకరి కత్తెర మిగిల్చిన నవల. దానం తొలగిన ఆ ముగింపు వాస్తవికంగా తోచవచ్చు, కానీ మార్పు సాధ్యమన్న రచయిత వాదాన్ని అది తుడిచివేసింది.

ముగింపు

వెల్స్ చిరువ్యాపారికి అంతరంగాన్నిచ్చి, అతణ్ని నలిపే శక్తులను నేపథ్యంలో ఉంచాడు. ట్రెసెల్ ఆ శక్తులను ముందుకు తెచ్చి, వ్యాపారి అంతరంగాన్ని చాలావరకు వదులుకున్నాడు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు వెల్స్ సమాధానం అజ్ఞానం, ట్రెసెల్ సమాధానం పోటీ. ఒకదానిలోని లోటును రెండోది పూరిస్తుంది గనుక, ఆనాటి సముద్రతీర పట్టణపు చిరువర్తక జీవితం ఈ నవలలను కలిపి చదివినప్పుడే సమగ్రంగా తెలుస్తుంది. సాహిత్య విలువను తూచేటప్పుడు మాత్రం, సిద్ధాంతం బిగ్గరగా పలికిన అధ్యాయాల కంటే ఈస్టన్ దంపతుల అప్పుల కాగితం, ఫిష్‌బోర్న్ వీధివాళ్ల బీమా సంతోషమే బరువుగా తూగుతాయి.