హోరు తీసేస్తే మిగిలిన వరస

నాయిస్ రాక్ మీద ప్రేమతో మొదలైన కుర్ర బ్యాండ్లు తమ గురువులకు నివాళి పట్టే పద్ధతి ఒకటుంది. గురువు ఏ గిటారు వాయించాడు, శబ్దాన్ని మార్చే ఏ పెడల్ తొక్కాడు, ఏ ఆంప్లిఫయర్‌ని ఎంత గట్టిగా పెట్టాడు అన్నవి ఆరా తీస్తారు. ఆ సామాను సంపాదించి, ఆ హోరే పుట్టించడానికి తంటాలు పడతారు. అమెరికాలో జార్జియా రాష్ట్రం ఏథెన్స్ ఊరికి చెందిన జపాన్‌కేక్స్ అనే ఇండీ బ్యాండు 2007లో సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. మై బ్లడీ వాలంటైన్ బృందం 1991లో తెచ్చిన ‘లవ్‌లెస్’ ఆల్బంని మొదటి పాట నుంచి చివరి పాట దాకా మళ్లీ వాయించింది. హోరు తీసేసింది. గొంతులు కూడా తీసేసింది. నివాళి అనే మాటకు తగిన పని ఇదేనని నా నమ్మకం.

అసలు ఆల్బం సంగతి కొంచెం చెప్పాలి. మై బ్లడీ వాలంటైన్ 1983లో డబ్లిన్‌లో పుట్టి తర్వాత లండన్ చేరిన బ్యాండు. ‘లవ్‌లెస్’ కోసం వాళ్లు 1989లో మొదలుపెట్టి, రెండేళ్లకు పైగా, 19 స్టూడియోలు మారారు. ఆ ఖర్చుకు ఆల్బంని విడుదల చేసిన క్రియేషన్ రికార్డ్స్ కంపెనీ దివాలా అంచుకు వెళ్లిందని చెప్పుకుంటారు. బ్యాండు నాయకుడు కెవిన్ షీల్డ్స్ ఆ లెక్కలను ఒప్పుకోడు. తర్వాతి ఆల్బం 2013లో గానీ రాలేదు.

నేను వీణ వాయించుకునే మనిషిని. అందుకే షీల్డ్స్ చెయ్యి ఏం చేస్తుందన్న దాని మీదే నా ధ్యాసంతా. వీణ మీద తీగను మెట్టు పైన పక్కకు లాగితే స్వరం ఊగుతుంది, పైకి పాకుతుంది. గమకమంతా ఆ లాగడంలోనే ఉంది. షీల్డ్స్ వాయించే ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటారుకు వంతెన దగ్గర ట్రెమొలో ఆర్మ్ అనే ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని నొక్కితే తీగలన్నీ ఒకేసారి వదులై శ్రుతి దిగుతుంది, వదిలితే మళ్లీ బిగుస్తుంది. మామూలు గిటారిస్టులు పాట మధ్యలో ఎక్కడో ఒకచోట దాన్ని ముట్టుకుంటారు. షీల్డ్స్ ఆ కడ్డీని కుడిచేతిలోనే పట్టుకుని, దాన్ని కదుపుతూనే తీగలు మీటుతాడు. దాంతో ఒక్క స్వరం బదులు మొత్తం కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, ఊగుతుంది. దానికి తోడు ప్రతిధ్వనిని తిరగేసి వినిపించే యంత్రం ఒకటి. వినేవాళ్లకు వందల గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది గానీ, జనం అనుకునేదాని కంటే చాలా తక్కువ గిటార్లే వాడానని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. తీగను వంచడం తెలిసిన ఎవరికైనా ఆ మాట నమ్మశక్యంగానే ఉంటుంది.

ఈ ఊగే శబ్దం కింద పాటలున్నాయి. మంచి వరసలున్న పాటలు, చాలావరకు లాలిపాటంత మెత్తనివి. బ్యాండు గాయని బిలిండా బుచర్ గొంతు నిద్రమత్తులో ఉన్నట్టు వినపడటానికి కారణం కూడా ఉంది: తెల్లవారాక, అప్పుడే కునుకు పట్టిన మనిషిని లేపి పాడించేవారట. ఆ గొంతును గిటార్ల మధ్య ఎంత లోపలికి తోశారంటే, ఏం పాడుతోందో తెలియదు, పాడుతోందని మాత్రం తెలుస్తుంది.

జపాన్‌కేక్స్ సరిగ్గా అక్కడ చెయ్యి పెట్టింది. ఒకే ఒక్క డి కార్డ్‌ని రిహార్సల్ లేకుండా ముప్పావుగంట వాయించాలన్న ఆలోచనతో ఎరిక్ బెర్గ్ మొదలుపెట్టిన బ్యాండు అది. తొందర లేనివాళ్లు. బిలిండా, షీల్డ్స్ పాడిన వరసలను వాళ్లు పెడల్ స్టీల్ గిటారుకు, చెల్లోకు అప్పగించారు. పెడల్ స్టీల్ అమెరికా కంట్రీ సంగీతంలోని వాద్యం. ఎదురుగా బల్లలా పరిచి, ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ, కాళ్లతో పెడల్స్ నొక్కి, మోకాళ్లతో మీటలు కదిపి స్వరాన్ని వంచుతారు. గోటువాద్యం విన్న చెవికి ఆ జారుడు కొత్తేమీ కాదు. షీల్డ్స్ ట్రెమొలో ఆర్మ్‌తో సాధించిన వంపును వీళ్లు ఉక్కు కడ్డీతో సాధించారు. ఆయన సామాను ముట్టుకోకుండా ఆయన గమకాన్ని పట్టుకున్నారన్న మాట. ఈ ఎంపిక గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

‘లవ్‌లెస్’లోని ‘సమ్‌టైమ్స్’ అనే పాటను ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ సినిమాలో విన్నవాళ్లు చాలామంది ఉంటారు. నాకు దాని వరస వీణ మీదకు వచ్చింది జపాన్‌కేక్స్ విన్నాకే. వరస చేతికి అందాక అసలు పాటకు తిరిగి వెళితే, అంతకుముందు ఒక్క ముద్దగా వినపడ్డ హోరులో గొంతు దారి స్పష్టంగా తెలిసింది. మూలం దగ్గరికి మరింత చేరువగా తీసుకెళ్లే నివాళి కంటే గొప్పది ఏముంటుంది?

పోయినవి కూడా ఉన్నాయి. ‘ఓన్లీ షాలో’ మొదట్లో డ్రమ్ దెబ్బల వెనక ఒక్కసారిగా విరుచుకుపడే గిటారు లేకపోతే ఆ పాటకు సగం ప్రాణం లేదు. ‘టు హియర్ నోస్ వెన్’లో శబ్దమే పాట. దాన్ని శుభ్రం చేస్తే అందమైన నేపథ్య సంగీతం మిగులుతుంది, అంతే. ఈ రెండు చోట్లా జపాన్‌కేక్స్ ఓడిందనే అంటాను. మిగతా ఆల్బం చాలావరకు నిలబడింది. ముఖ్యంగా నెమ్మది పాటలు.

గిటారు నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మాట. మీకిష్టమైన బ్యాండు వాడిన పెడల్ కొనడానికి డబ్బులు కూడబెట్టే ముందు, ఆ పాట వరసను ఏ యంత్రమూ తగిలించకుండా వాయించి చూడండి. ఈ రెండు ఆల్బంలూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ముందు జపాన్‌కేక్స్‌ది వినండి. ‘లవ్‌లెస్’ని మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుని, మధ్యలో ఆపకుండా వినండి.